కోటగుమ్మం, మెయిన్ రోడ్డు పాత బజారు: ఎక్కడ కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు?

కొత్త_కాపురం:
అందరికీ నమస్కారం. మా వారికి బదిలీ కావడంతో ఈ వేసవిలో విజయనగరం నుంచి రాజమండ్రి వచ్చాం. ఏవీ అప్పారావు రోడ్డుకు దగ్గరలో అద్దెకు ఉంటున్నాం. పెద్ద షోరూములన్నీ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. మిగిలినవి ఫోనులో చెబితే గుమ్మంలోకి వస్తున్నాయి. ఇంత పాత ఊరికి వచ్చి కూడా ఊరి ముఖం చూడలేదన్న బాధ మొదలైంది నాకు. కోటగుమ్మం, మెయిన్ రోడ్డు, ఇన్నీసుపేట వైపు పాత బజారు బాగుంటుందని ఇంటి ఓనరమ్మ చెప్పారు. ఒక పూట తిరిగి ఫొటోలు తీసుకుని వచ్చేయడం నాకిష్టం లేదు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఇంటికి కావలసినవి ఆ దుకాణాల్లోనే కొనాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏవి అక్కడే కొనాలి?

ఇన్నీసుపేట_పాతకాపు:
అమ్మా, రాజమండ్రికి స్వాగతం. బండి ఇంట్లో పెట్టి ఆటోలో గోదావరి స్టేషన్ దగ్గర దిగండి. కోటగుమ్మం అక్కడే. అక్కడి నుంచి మెయిన్ రోడ్డులోకి నడవండి. షట్టర్లు లేచే వేళకు వెళితే ఇంకా మంచిది. గుమ్మాల ముందు నీళ్లు చల్లుతుంటారు, గల్లాపెట్టె మీద దేవుడి పటానికి దండ మారుతుంటుంది, షాపు యజమాని ఇంకా తీరిగ్గా ఉంటాడు. ఆ వేళప్పుడు అడిగితే ఏ వస్తువు గురించైనా ఓపిగ్గా చెబుతారు. సాయంత్రం ఆరు దాటాక ఆ ఓపిక ఎవరికీ ఉండదు, ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు.

ఒక్క మాట. పొద్దున్నే షాపులో అడుగుపెడితే ఏదో ఒకటి కొనండి, పది రూపాయల వస్తువైనా సరే. బోణీ చేసిన మనిషిని ఇక్కడి వ్యాపారి మరిచిపోడు. బోణీ కాకముందే పది రకాలు దింపించి, ధర అడిగి వెళ్లిపోతే ఆయన మనసు రోజంతా అక్కడే ఉంటుంది.

ఏవి కొనాలి అన్నారు. ముందుగా పెన్ను కొనండి. రత్నం పెన్నులు మన ఊరివి. విదేశీ వస్తువులకు బదులుగా దేశంలోనే ఏదైనా తయారు చేయమన్న గాంధీజీ మాట మీద కె.వి.రత్నం గారు పూనుకుని చేసిన పెన్ను అది. ఆ పెన్ను అందుకున్న గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రబ్బరులో గంధకం కలిపి గట్టిపరిచిన ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి ఒక్కో పెన్నూ తీస్తారు. మీకు పిల్లలుంటే తీసుకువెళ్లి చూపించండి. సిరా ఎలా పోయాలో వాళ్లే నేర్పిస్తారు. నా బల్ల మీద మా నాన్నగారి పెన్ను ఇప్పటికీ రాస్తోంది.

ఎండగా ఉంటే మెయిన్ రోడ్డులో రోజ్‌మిల్క్ తాగండి. ఎక్కడ అని ఎవరిని అడిగినా చెబుతారు.

సైకిల్_సవారీ:
పాతకాపు గారి మాటే నాదీ. కారు మాత్రం వద్దు. నల్లమందు సందు లాంటి చోట్ల ఇద్దరు మనుషులు ఎదురైతేనే ఒకరు పక్కకు తప్పుకోవాలి. ఆ సందుల్లో నడిచేవాళ్లు ఆగి చూస్తారు, లోపలికి వస్తారు, కొంటారు. బండి మీద పోయేవాళ్లకు హారను మోగించడం తప్ప మరో పని ఉండదు. పుష్కర ఘాట్ కూడా దగ్గరే కాబట్టి సాయంత్రం హారతి వేళకు గట్టుకు చేరేలా చూసుకోండి. దామెర్ల రామారావు చిత్రశాల కూడా గట్టు మీదే ఉంది. ఆయన 1925లో చనిపోయేనాటికి వయసు ముప్పైకి చేరలేదు. ఆ బొమ్మలు చూడకుండా ఈ ఊరు చూశామని అనకండి.

కొవ్వూరు_కోడలు:
నేను గోదావరి అవతలి ఒడ్డుదాన్ని. మా కొవ్వూరు ఆడవాళ్లకు రాజమండ్రి మెయిన్ రోడ్డు అంటే బీరువాలో సగం. 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చాక బస్సెక్కి వెళ్లి మధ్యాహ్నం వంటకు తిరిగి రావడం కుదిరిందని మా అత్తగారు చెబుతారు. అంతకు ముందు లాంచీనో రైలో పట్టుకుని వెళ్లేవారట.

కొత్త కాపురం అమ్మాయికి నా సలహా: ముందు దర్జీని వెతుక్కో. మిగతా బజారంతా ఆయనే చూపిస్తాడు. నా జాకెట్లు కుట్టే ఆయన దుకాణం ఒక మేడమెట్ల కింద ఉంటుంది. మనిషి నిలబడితే తల తగులుతుంది. లైనింగు గుడ్డ ఏ షాపులో తీసుకోవాలో, ఫాల్ ఎవరు చేత్తో కుడతారో, కుచ్చులు ఎవరు ముడి వేస్తారో, ఏ మ్యాచింగ్ సెంటర్‌లో రంగు వెలిసిపోని గుడ్డ దొరుకుతుందో ఆయన చెబితే తెలుసుకున్నాను. ఒక చీర కొంటే ఐదారు కుటుంబాలకు పని దొరుకుతుంది ఆ వీధిలో. ఫోనులో కుట్టిన జాకెట్టు తెప్పించుకుంటే ఆ పనులేవీ లేవు. చంకల దగ్గర పట్టేసిందని దాన్ని తిప్పి పంపడం ఒకటే మిగులుతుంది.

పెళ్లిళ్ల సీజన్‌లో మాత్రం ఆఖరి నిమిషంలో వెళ్లి తొందర పెట్టకు. కుట్టుకూలి దగ్గర బేరం ఆడకు. గుడ్డ దగ్గర ఆడితే ఆడు.

లెక్క_తేలాలి:
నాకు మీ అందరి మీదా గౌరవం ఉంది. కానీ ఒక మాట సూటిగా చెబుతాను. నేను జీతం మీద బతికేవాణ్ని, ఇద్దరు పిల్లల చదువులు ఉన్నాయి. ఒకే కంపెనీ మిక్సీ ఫోనులో చూస్తే ఒక ధర, బజారులో ఇంకో ధర. తేడా చిన్నది కాదు. పోనీ ఊరివాళ్లు కదా అని ఒక షాపులో కొన్నాను. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే ఇంకొంచెం అవుతుంది" అన్నారు. వారం తిరక్కుండా జారు పగిలింది. మార్చమంటే మీరే పడేసి ఉంటారన్నారు. ఫోనులో కొంటే తిరిగి తీసుకుంటారు, మాట అనరు. స్థానికం అన్న ఒక్క కారణంతో నేను డబ్బులు ఎక్కువ ఎందుకు పెట్టాలి? మద్దతు ఇవ్వమని అడిగే వ్యాపారి ముందు నాకు ఇవ్వాల్సింది ఇవ్వాలి కదా.

పద్దు_పుస్తకం:
నేను ఆ వీధిలోనే స్టీలు, ఇత్తడి సామాను అమ్ముతాను. మా తాతగారు పెట్టిన కొట్టు. లెక్క తేలాలి గారూ, బిల్లు ఇవ్వనన్న షాపును నేను వెనకేసుకురాను. బిల్లు మీ హక్కు. అది అడిగినందుకు ఎక్కువ ధర చెప్పడం తప్పు. అలాంటి ఒక్కడి వల్ల వీధి మొత్తానికి చెడ్డపేరు వస్తుంది.

ధర సంగతి చెబుతాను. కంపెనీ మిక్సీలాంటివాటి ధరలో పెద్ద వెబ్‌సైట్లతో మేం పోటీ పడలేం. వాళ్లు వేల సంఖ్యలో తీసుకునే రేటు నాకు ఏ డీలరూ ఇవ్వడు. అందుకని అవి అక్కడే కొనుక్కుంటే నేను బాధపడను, నిజంగానే చెబుతున్నాను. నా దగ్గర కొనమని అడిగేవి వేరే ఉన్నాయి. కుక్కర్ గ్యాస్కెట్టు, వెయిటు, ఊడిన పిడికి కొత్త పిడి, ఇడ్లీ రేకుల్లో విరిగిన ఒక్క రేకు. ఇవి మేం పెట్టకపోతే జనం కుక్కరే మార్చేస్తారు. పెళ్లి సారెకు ఇచ్చే గిన్నెల మీద పేర్లు కొట్టి ఇస్తాం. పాత ఇత్తడి తూకానికి తీసుకుని కొత్తది ఇస్తాం. ఇత్తడి బిందెలు, గంటలు పెరవలి దగ్గర అజ్జరం నుంచి తెస్తాం. అక్కడ పోత పోసి, సుత్తితో కొట్టి, మెరుగు పెట్టే కుటుంబాలున్నాయి. నేను ఆర్డరు పెట్టిన నెలలో వాళ్లకు పని ఉంటుంది. నేను మానేసిన నెలలో కొలిమి చల్లారుతుంది.

మమ్మల్ని నిలబెట్టేది ఏమిటో కూడా చెప్పనివ్వండి. పండగ రద్దీ చూసి మా పని బాగుందనుకుంటారు. ఆషాఢంలో రండి. మూఢం వచ్చి ముహూర్తాలు లేని నెలల్లో రండి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కొట్లో నేను, ఫ్యాను, పనివాళ్లు ఇద్దరు. అద్దె ఆగదు, కరెంటు ఆగదు, వాళ్ల జీతం ఆగకూడదు. ఆ రోజుల్లో వచ్చి ఒక గరిటె కొన్న మనిషి విలువ మాకు తెలుసు. సంక్రాంతికి వచ్చి ఇరవై వేల సామాను కొన్నవారికి నమస్కారం పెడతాం గానీ, ఏడాది పొడవునా షట్టరు తెరిచి ఉండేది మాత్రం ఆ గరిటె కొన్నవాళ్ల వల్లే.

లెక్క_తేలాలి:
బిల్లు విషయంలో మీరు అలా అనడం నాకు నచ్చింది. గ్యాస్కెట్టు మాట కూడా నిజమే. మొన్న మా ఇంట్లో అదే జరిగింది, ఫోనులో మా కుక్కర్ సైజు దొరకలేదు. కానీ బిల్లు, మార్పిడి, ధర చీటీ ఈ మూడూ లేకుండా కేవలం అభిమానంతో కొనమంటే నా బోటివాళ్లు రారు. మీ వీధిలోని వర్తకులు అందరూ కలిసి "ఏడు రోజుల్లో మార్పిడి" అని ఒక్క బోర్డు పెట్టుకుంటే ఎంతమంది వెనక్కి వస్తారో ఆలోచించండి.

పద్దు_పుస్తకం:
తప్పకుండా మా సంఘంలో మాట్లాడతాను. మాకు ఒప్పుకోవడం కష్టమైనవి ఏవో కూడా ముందే చెబుతాను. వాడిన గిన్నె, కడిగిన గిన్నె తీసుకోలేం. పేరు కొట్టినది తీసుకోలేం. మిగతావాటికి నా వరకు నేను సిద్ధం.

మీరు ఇంకో సంగతి అడగలేదు గానీ చెప్పేస్తాను. క్యూఆర్ కోడ్‌తో డబ్బులు పంపితే మాకు కోత పడుతుందేమోనని కొందరు మొహమాటపడుతుంటారు. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా పంపే యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర రుసుము తీసుకోవడం లేదు. హాయిగా పంపండి. రూపే డెబిట్ కార్డు కాకుండా వేరే కార్డు గీకితేనే మాకు కొంత పోతుంది.

మగ్గం_చప్పుడు:
కొవ్వూరు కోడలు గారు చీర మాట ఎత్తారు కాబట్టి నేనూ చెబుతాను. మాది అమలాపురం దగ్గర బండారులంక, చేనేత కుటుంబం. మెయిన్ రోడ్డులో, తాడితోట దగ్గరి మహాత్మాగాంధీ వస్త్ర సముదాయంలో మా బట్ట అమ్ముడయ్యేది. ఇప్పుడూ అమ్ముడవుతుంది. అయితే దాని పక్కనే మరమగ్గం మీద నేసినది "ఉప్పాడ" అనీ "చేనేత" అనీ అదే అలమరలో ఉంటుంది. ధర మూడో వంతు. కొనేవాళ్లకు తేడా తెలియక, ఇంత చవకగా వస్తుంటే అంత ఎందుకు పెట్టాలి అంటారు. దెబ్బ మాకు తగులుతుంది.

అందుకే షాపుకు వెళ్లినప్పుడు చీర తిరగేసి చూడండి. ఉప్పాడ జాందానీలో, అంటే మగ్గం మీదే చేత్తో బుటాలు నేసే చీరలో, ఆ బుటా ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. వెనక వైపు తెగిన దారాలు, వేలాడే పోగులు కనిపిస్తే అది జాందానీ కాదు. అంచుల వెంట చూస్తే చిన్న చిన్న సూదిరంధ్రాలు కనిపిస్తాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా వెడల్పుగా పట్టి ఉంచే కర్రకు ఉండే సూదుల గుర్తులు అవి. చేనేత గుర్తు ఉన్న లేబుల్ అడగండి. ఉప్పాడ జాందానీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకే అని ఇచ్చే జీఐ ముద్ర) వచ్చింది. 1985 చట్టం ప్రకారం కొన్ని రకాల బట్టలు చేతిమగ్గం మీద మాత్రమే నేయాలి. చట్టం కాగితం మీద ఎంత బాగా ఉన్నా, కౌంటరు దగ్గర అడిగే మనిషి లేకపోతే దానికి బలం లేదు.

మరమగ్గం చీర కొనవద్దని నేను అనడం లేదు. రోజూ కట్టుకోవడానికి అందరూ జాందానీ కొనలేరు. మరమగ్గం చీరను మరమగ్గం చీర అని చెప్పి అమ్మే షాపును వెతుక్కోండి, అక్కడే కొనండి. అలా చెప్పే వ్యాపారులు ఆ వీధిలో ఉన్నారు. మా నాన్న బట్ట తీసుకునే ఆయన అలాంటివారే. నెల పైన మగ్గం మీద ఉన్న చీరకు ఎంత కూలి పడిందో కొనేవాళ్లకు విడమరిచి చెప్పి మరీ అమ్ముతారు.

కొవ్వూరు_కోడలు:
మగ్గం చప్పుడు తమ్ముడూ, తిరగేసి చూడమన్న మాట బంగారం. మా ఆడపడుచులకు అందరికీ చెబుతాను.

ఆత్రేయపురం_ఆడపడుచు:
తినేవాటి గురించి ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు! రాజమండ్రిలో ప్రతి మిఠాయి కొట్టు ముందూ "ఆత్రేయపురం పూతరేకులు" అని బోర్డు ఉంటుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బోర్డులు ఇంకా పెద్దవయ్యాయి. షాపులో మీరు అడగాల్సినవి: రేకు ఎక్కడిది, చుట్టింది ఎప్పుడు, నెయ్యి ఏది. మంచి కొట్టువాళ్లు మూడింటికీ తడుముకోకుండా చెబుతారు.

మా ఊళ్లో రేకు తీసేవాళ్లు వేరు, చుట్టేవాళ్లు వేరు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన బియ్యప్పిండి నీళ్లలో ముంచిన పలుచని గుడ్డ. గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే క్షణంలో రేకు తేలుతుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడి రాదు. ఎండాకాలంలో కూడా ఆ పొగలో, ఆ వేడిలో ఆడవాళ్లు గంటల తరబడి కూర్చుంటారు. మా పిన్ని చేతులు చూస్తే మీకు అర్థమవుతుంది. అందుకే ధర దగ్గర గీచి గీచి బేరం ఆడితే నాకు మనసు ఒప్పదు.

ఇంకో ఉపాయం చెబుతాను. చుట్టని ఉత్తి రేకులు కట్టలుగా అమ్ముతారు. అవి తెచ్చుకుని ఇంట్లో మీ నెయ్యి, మీ బెల్లం పొడి వేసి చుట్టుకోండి. తడి గుడ్డతో కొంచెం మెత్తబరిచి చుట్టాలి, లేకపోతే విరిగిపోతాయి. కాజాల విషయానికి వస్తే తాపేశ్వరం మడత కాజా వేరు, కాకినాడ గొట్టం కాజా వేరు. రెండూ కొనండి, తగవు వద్దు.

పార్సిల్_మోత:
నేను ఈ ఊళ్లోనే ఇళ్లకు పార్సిళ్లు అందించే పని చేస్తాను. ఫోనులో కొనడం తప్పన్నట్టు కొందరు మాట్లాడుతుంటే నాకు కొంచెం కష్టంగా ఉంది. ఆ పనితోనే మా ఇల్లు గడుస్తోంది. మా అమ్మ మాత్రం మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది. అంటే మా ఇంట్లో రెండు వైపులా ఉన్నాం.

నాకు కనిపించేది చెబుతాను. అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు, నాలుగో అంతస్తు పెద్దవాళ్లు బజారుకు రాలేరు. మోకాళ్ల నొప్పులు, ఎండ. వాళ్లకు పాత షాపులోని వస్తువే కావాలి, ఫలానా కొట్టు కందిపప్పే కావాలి. కొన్ని కిరాణా కొట్లు ఇప్పుడు వాట్సాప్‌లో చీటీ ఫొటో తీసుకుని సామాను పంపిస్తున్నాయి. అలాంటి కొట్లకు నేను ఖాళీ వేళల్లో మోసిపెడతాను. కాబట్టి కొత్త కాపురం అక్కా, మీకు బజారుకు వెళ్లడం కుదరని రోజు ఉంటే పెద్ద యాప్ తెరవకముందు మీ కిరాణా కొట్టు నంబరుకు ఒక చీటీ పంపి చూడండి. చాలామంది ఇస్తారు, అడిగేవాళ్లే లేరు.

ఇన్నీసుపేట_పాతకాపు:
బాబూ, నీ మాట చాలా బాగుంది. మీ అమ్మగారు మార్కెట్లో అన్నావు కాబట్టి పనసపొట్టు సంగతి రాయాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తెలియదు. లేత పనసకాయ చెక్కు తీసి, నూనె రాసిన కత్తితో సన్నగా పొట్టు కొట్టి పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు మన మార్కెట్లలో ఉన్నారు. ఇంట్లో ఆ జిగురుతో పోరాడితే సగం రోజు పోతుంది. వాళ్లు మన కళ్ల ముందే కొట్టి ఇస్తారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేకుండా ఇక్కడ కార్తీక వనభోజనం లేదు, పెళ్లి విందు లేదు. ఆ కత్తి పని యంత్రంతో చేయించినవాళ్లు ఉన్నారు, పీచు నలిగి కూర ముద్దవుతుంది. వేసవిలో ఆవకాయకు మామిడికాయ ముక్కలు కొట్టేవాళ్లూ అంతే. టెంకతో సహా ఒక్క వేటుకు ముక్క పడాలి.

ఇంకొకటి, ఇత్తడి గిన్నెలు వాడేవాళ్లు ఉంటే కళాయి పోసేవాళ్లను వెతుక్కోండి. కుంపటి మీద గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం రాసి పాత గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెండిలా మెరుస్తుంది. నా చిన్నతనంలో వీధిలోకే వచ్చి అరిచేవారు. ఇప్పుడు పద్దు పుస్తకం గారి లాంటివాళ్ల కొట్లో ఇచ్చి వస్తే వాళ్లే పని చేయించి పెడతారు. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాచకూడదు. ఆ మనిషికి పని దొరకని రోజున మన ఇత్తడి గిన్నెలు అటక ఎక్కాల్సిందే.

గట్టు_మీది_గాలి:
2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కదా. అప్పుడు ఈ బజారు దశ తిరిగిపోతుంది. దేశమంతా ఇక్కడికే వస్తుంది. రోడ్లు వెడల్పు చేస్తారు, దీపాలు పెడతారు. వ్యాపారులు ఇప్పటి నుంచే సిద్ధం కావాలి.

పద్దు_పుస్తకం:
2015 పుష్కరాలు మా కొట్లోంచే చూశాను. పన్నెండు రోజులు కోటగుమ్మం మనుషులతో నిండిపోయింది. గోదావరి నీళ్లు పట్టుకెళ్లడానికి రాగి చెంబులు, ప్లాస్టిక్ డబ్బాలు బాగా పోయాయి, కాదనను. అయితే వాహనాలు ఆపేయడంతో మా వాడుక ఖాతాదారులు ఆ రోజుల్లో రాలేకపోయారు. యాత్రికుడు స్నానం చేసి, చెంబు కొని, రైలెక్కుతాడు. మళ్లీ పన్నెండేళ్లకు వస్తాడు. రానివ్వండి, ఆయనకు సంతోషంగా అమ్ముతాం. నాకు మాత్రం ఆయన వెళ్లిన మర్నాడు వచ్చే మనిషి కావాలి.

రోడ్డు వెడల్పు అన్నారు, దాని గురించి నాకు భయం ఉంది. షాపులున్న మాకే అంత భయం ఉంటే తోపుడుబండి మీద పూలు, గాజులు, జామకాయలు అమ్మేవాళ్ల మాటేమిటి? వాళ్లను చూసే జనం వీధిలోకి వస్తారు, వచ్చినవాళ్లు మా మెట్లు ఎక్కుతారు. వాళ్లను తీసేస్తే మాకేదో కలిసి వస్తుందని అనుకునే వర్తకులు ఉన్నారు. నేను అలా అనుకోను.

పార్సిల్_మోత:
పద్దు పుస్తకం బాబాయి గారూ, ఈ మాట అన్నందుకు మీకు దండం. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేయకుండా, గుర్తింపు పత్రం ఇవ్వకుండా ఉన్న చోటు నుంచి తీసేయకూడదని అందులో ఉంది. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. మా అమ్మకు కార్డు వచ్చాక 2020లో మొదలైన స్వనిధి పథకం కింద పదివేల అప్పు దొరికింది. వడ్డీకి ఇచ్చేవాళ్ల దగ్గర పొద్దున తీసుకుని సాయంత్రం తిరిగి కట్టే బాధ తప్పింది. పుష్కరాల పనుల పేరుతో ఎవరైనా ఖాళీ చేయమంటే ఆ కార్డు చూపించమని చుట్టుపక్కల అందరికీ చెబుతున్నాను. మీరు కూడా మీకు తెలిసిన బండివాళ్లకు చెప్పండి. కార్డు లేనివాళ్లను మున్సిపల్ కార్పొరేషన్ ఆఫీసులో అడగమనండి.

గట్టు_మీది_గాలి:
ఈ కోణం నేను ఆలోచించలేదు. అయినా పుష్కరాల మీద ఆశ వదులుకోను. అప్పుడు వచ్చేవాళ్లకు మన పెన్నులు, ఇత్తడి గంటలు, పూతరేకులు ఎక్కడ దొరుకుతాయో చెప్పే ఒక పటం తయారు చేయవచ్చు. నాకు బొమ్మలు వేయడం వచ్చు. షాపుల వివరాలు ఇస్తే గీస్తాను. తోపుడుబండ్లు నిలిచే చోట్లు కూడా అందులో పెడతాను.

లెక్క_తేలాలి:
ఆ పటంలో బిల్లు ఇచ్చే షాపులకు ఒక గుర్తు పెట్టండి. అలా పెడితే ఆ పటం పట్టుకుని నేనే మా ఆఫీసువాళ్లందరినీ తీసుకువస్తాను.

కొత్త_కాపురం:
ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. మా వారికి చదివి వినిపించాను. ఈ శనివారం వెళుతున్నాం. పిల్లకు పెన్ను, నాకు దర్జీ, ఆ తర్వాత మా అమ్మ ఇచ్చిన రెండు ఇత్తడి గిన్నెలకు కళాయి. చీర ఇప్పుడు కొనను, శ్రావణ మాసం వరకు డబ్బు కూడబెట్టి ఒక మంచిది తీసుకుంటాను, తిరగేసి చూసే తీసుకుంటాను. నెలసరి కిరాణా మాత్రం ఈ నెల నుంచే అక్కడికి మారుస్తున్నాను. పద్దు పుస్తకం గారూ, గిన్నెలు మీ కొట్లో ఇవ్వవచ్చా? ఎప్పుడు రమ్మంటారు?

పద్దు_పుస్తకం:
తప్పకుండా ఇవ్వండమ్మా. షాపు ఎక్కడో మీకు విడిగా సందేశం పంపాను. కళాయి పోసే ఆయన మంగళవారం, శనివారం పొద్దున వస్తారు, పదింటిలోపు తెస్తే సాయంత్రానికి సిద్ధం. గిన్నెలు చింతపండుతో తోమి తీసుకురండి, మసి ఉంటే తగరం పట్టదు. కూలి గిన్నె సైజును బట్టి ఆయనే చెబుతారు. డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. రసీదు నేను రాసి ఇస్తాను.